అలగానిపాటి అంగడి

మొన్న మా వాకాడు పక్కన ఒక రొయ్యల గుంట కాడ పట్టుబడి జరిగింది. గుంట కౌలుకి తీసుకున్న పిల్లోడు కౌంటు యాభై వస్తాదని లెక్కేసుకున్నాడు. కొనేవాళ్ల మనిషి తూకం వేసి అరవై అని రాసినాడు. కిలోకి రొయ్యలు పది ఎక్కువ తూగితే రేటు ఎంత పడిపోతాదో ఈ పక్కోళ్లకి నేను చెప్పబన్లేదు. మేత అప్పిచ్చిందీ వాళ్లే, సరుకు కొనేదీ వాళ్లే. పిల్లోడు నోరెత్తలేదు. గట్టు మీద నేనూ ఉండాను. మీటింగుల్లో గొంతు చించుకునేవాణ్ణి, ఆడ మాత్రం మెత్తగా ఒక మాట అడిగి ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే సుందరయ్య గుర్తొచ్చినాడు.

పుచ్చలపల్లి సుందరయ్య. హైదరాబాదులో ఆయన పేరుతో విజ్ఞాన కేంద్రం ఉండాది, పార్కు ఉండాది. మన నెల్లూరోడే అని మాత్రం మన పిల్లకాయల్లో చానా మందికి తెలీదు. పెన్న అవతల, విడవలూరు పక్క అలగానిపాడు ఆయన ఊరు. 1913 మే 1న పుట్టినాడు. భూమి ఉన్న ఇల్లు. అసలు పేరు వెంకట సుందరరామిరెడ్డి. ఆ తోకని తనే కోసేసుకున్నాడు. ఇప్పుడు బండి నంబరు ప్లేటు మీద కులం రాయించుకునే తమ్ముళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాల.

తండ్రి చిన్నప్పుడే పోయినాడు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతా ఉండి, 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో కాలేజీ వదిలేసి జైలుకి పోయినాడు. పదిహేడేళ్లు అప్పటికి. బయటికొచ్చినాక పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఇచ్చుకుంటా తిరగొచ్చు. ఆయన ఊరికొచ్చినాడు. నాకు ఆయన బతుకు మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన కాలం ఇదే.

ఊళ్లో ఏముండాది? కయ్యల్లో పని చేసేది దళితులు. అప్పు చేసి పాలేరుగా కుదిరితే ఆ అప్పు తీరేది కాదు, ఎందుకంటే లెక్క రాసేది ఆసామి. కూలి గింజల్లో ఇస్తారు, కొలిచేదీ ఆసామే. అంగడికి పోతే అరువు, అరువుకి ఇంకో రేటు. ఊరి బావిలో చేద వెయ్యకూడదు. సుందరయ్య కూలోళ్లని సంఘంగా కూడగట్టినాడు, కూలి పెంచమన్నాడు. నీళ్ల కోసం వాళ్ల పక్కన నిలబడినాడు. చౌకగా సరుకులిచ్చే అంగడి పెట్టించినాడు. రాత్రి బడి నడిపినాడు. జబ్బు చేస్తే మందులిచ్చినాడు. ఎదురు నిలిచింది ఎవరి మీదనుకున్నారు? పరాయోళ్ల మీద కాదు, సొంత కులపోళ్ల మీద, తన చుట్టాల మీద. చట్టం మారేదాకా ఆగుదామని ఆయన అనుకోలా. ఉప్పూ పప్పూ కాడ మొదలుపెట్టినాడు.

తర్వాత సంగతులు పుస్తకాల్లో ఉండాయి, గబగబా చెప్తాను. 1936లో అఖిల భారత కిసాన్ సభ పెట్టినోళ్లలో ఒకడు. 1943లో లీలమ్మతో పెళ్లి. పిల్లలుంటే వాళ్ల కోసం దాచిపెట్టే ఆశ పుడతాదని ఇద్దరూ పిల్లలే వద్దనుకున్నారు. ఇది నాకు కొంచెం కష్టంగానే ఉంటాది, అంత దూరం పోవాల్నా అని. తన వాటా ఆస్తి అమ్మి పార్టీకి ఇచ్చేసినాడు. తెలంగాణా సాయుధ పోరాటంలో అజ్ఞాతంలో ఉన్నాడు. ఆ పోరాటంలో వేల మంది చచ్చిపోయినారు. దాని మంచీ చెడ్డా 1972లో తనే పెద్ద పుస్తకం రాసినాడు. 1952లో రాజ్యసభకి పోయినాడు, పార్లమెంటుకి సైకిలు మీద.

1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలుస్తామనుకున్నారు, వచ్చింది పదిహేను సీట్లు. గన్నవరంలో ఈయన గెలిచినాడు. ఓడిన పార్టీ మనిషి అసెంబ్లీలో అరిచి పోవచ్చు గదా? ఈయన నీళ్ల లెక్కలూ భూముల లెక్కలూ మోసుకొచ్చి కూర్చునేవాడు. 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. దానికింద పేదోడికి దక్కిన భూమి బహు తక్కువ, 1973లో ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. కాగితం మీద రాసిన న్యాయం కయ్య గట్టు దాకా రావడానికి ఎంత సేపు పడతాదో ఆయనకి అలగానిపాడులోనే తెలుసు.

వైద్యం సంగతి ఒకటుండాది. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజా వైద్యశాల నడిపినాడు. తక్కువ ఖర్చులో పేదోళ్లకి వైద్యం చెయ్యడమే గాదు, పల్లెటూరి పిల్లకాయలకి వైద్యం పని నేర్పించి ఊళ్లకి పంపించినాడు. ఇప్పుడు ఆస్పత్రి బిల్లు చూసి కమ్మలు కుదవ పెట్టే ఇళ్లు మా ఈదిలోనే ఉండాయి. 2022 దాకా ఆ అన్నదమ్ములు పుట్టిన జిల్లాలోనే మేమూ ఉండేవాళ్లం.

సుందరయ్య 1985 మే 19న పోయినాడు. పేరు మీద పొలం లేదు.

నిన్న ఆ గుంట పిల్లోడు ఫోన్ చేసినాడు. వచ్చే పట్టుబడికి పక్క గుంటలోళ్లు నలుగుర్ని కలుపుకుని సొంత కాటా తెచ్చుకుంటే ఎట్టుంటాది అన్నా అని అడిగినాడు. కాటా ఎంతవుతాదో గూడూరులో కనుక్కోమన్నాను. ముందు పక్క గుంటాయన్ని ఒప్పించాల, ఆయనకీ మేత అప్పు ఉండాది. రేపు పొద్దున ఇద్దరం పోయి మాట్లాడతాం.