బడి మానిన శాసనసభ్యుడు: కామరాజ్

శాసనసభ్యుడు కావాలంటే ఎంత చదువు ఉండాలి? ఈ ప్రశ్న మీకు ఎప్పుడైనా కలిగిందా? మన రాజ్యాంగం ఇందుకు కనీస వయసును నిర్ణయించింది గాని, చదువును నిర్ణయించలేదు. ఆరో తరగతి దగ్గర బడి మానిన ఒక వ్యక్తి శాసనసభ్యుడై, ముఖ్యమంత్రియై ఏం చేశారో ఈ పాఠంలో చదవండి.

కామరాజ్ 1903 జూలై 15న తమిళ ప్రాంతంలోని విరుదునగర్‌లో పుట్టారు. తండ్రి కొబ్బరికాయల వ్యాపారి. ఆయన చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. తల్లి శివకామి అమ్మాళ్‌కు కుటుంబం గడవడం కష్టమైంది. కామరాజ్ బడి మాని, మేనమామ బట్టల దుకాణంలో పనికి చేరారు. దుకాణంలో ఉంటూనే పత్రికలు చదివేవారు, సభలకు వెళ్ళేవారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. మొత్తం మీద ఆయన జైళ్ళలో గడిపిన కాలం ఎనిమిదేళ్ళకు పైమాటే.

1937లో ఆయన మద్రాసు శాసనసభకు పోటీ లేకుండా ఎన్నికయ్యారు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ శాసనసభ కిందనే ఉండేవని గుర్తుంచుకోండి. 1941లో ఆయన జైల్లో ఉండగా సొంత ఊరి పురపాలక సంఘం ఆయనను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. విడుదలై వచ్చాక ఆయన ఆ పదవికి రాజీనామా చేశారు. దేశం పని మీద తిరిగే మనిషి ఊరి కుళాయిలు, వీధి దీపాలు ఎప్పుడు చూసుకోగలడు?

ఆయన పార్టీ రాజకీయాల్లోనూ ఆరితేరినవారే. 1947లో మన ప్రకాశం పంతులు మంత్రివర్గం పడిపోవడంలో కామరాజ్ వర్గం పాత్ర ఉంది. ఈ సంగతి దాచవలసిన పని లేదు.

1953లో రాజాజీ ప్రభుత్వం ఒక కొత్త విద్యా పథకం తెచ్చింది. దాని ప్రకారం పల్లెల్లో పిల్లలకు బడి ఒక పూటే. మిగతా సమయంలో ఇంట్లో తండ్రి చేసే వృత్తి నేర్చుకోవాలి. మీరే ఆలోచించండి. చాకలి కొడుకు చాకలిగానే, కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండిపోవాలా? జనం గట్టిగా వ్యతిరేకించారు. 1954 ఏప్రిల్‌లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పథకం రద్దయింది.

అప్పటికి ఆయన పార్లమెంటు సభ్యులే గాని శాసనసభ్యులు కారు. రాష్ట్ర చట్టసభల్లో దేనిలోనూ సభ్యత్వం లేనివారు మంత్రి పదవిలో ఆరు నెలలకు మించి ఉండరాదు. అందుకని గుడియాత్తం ఉప ఎన్నికలో పోటీ చేసి గెలిచారు.

ఆ తరువాత పల్లెపల్లెకూ బడులు తెరిపించారు. అయితే ఆకలితో ఉన్న పిల్లవాడు బడికి ఎలా వస్తాడు? మద్రాసు నగరపాలక సంస్థ 1920లోనే తన బడిలో పిల్లలకు భోజనం పెట్టించింది. దానిని కామరాజ్ 1956 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరింపజేశారు. మొదట్లో ఊళ్ళవాళ్ళ చందాలే ఆధారం, తరువాత ప్రభుత్వం సాయం చేసింది. పదకొండో తరగతి వరకు ఉచిత విద్య కూడా క్రమంగా అమలులోకి వచ్చింది.

ఈ కాలంలోనే విరుదునగర్ పురపాలక సంఘం వారు ఆయన ఇంటికి ప్రత్యేకంగా కుళాయి వేయించారు. మిగతా ఇళ్ళకు లేని సౌకర్యం తన ఇంటికి వద్దని ఆయన దానిని తీయించివేశారు.

1963 అక్టోబరు 2న ముఖ్యమంత్రి పదవి వదులుకొని పార్టీ పనికి వెళ్ళారు. 1964లో, మన దామోదరం సంజీవయ్య తరువాత, కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. నెహ్రూ, శాస్త్రి మరణించినప్పుడు కొత్త ప్రధానమంత్రుల ఎంపికను నడిపించింది ఆయనే.

అంతటి నాయకుణ్ణి 1967 ఎన్నికల్లో సొంత ఊరు విరుదునగర్ ఓడించింది. గెలిచినవాడు ఒక విద్యార్థి నాయకుడు. తేడా 1,285 ఓట్లు. బియ్యం కొరత, హిందీ వ్యతిరేక ఉద్యమం కాంగ్రెసును ఆ ఏడు దెబ్బతీశాయి. 1969లో ఆయన నాగర్‌కోయిల్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1975 అక్టోబరు 2న మరణించేనాటికి కూడా ఆ ఊరి ప్రతినిధిగానే ఉన్నారు.