మూసారాం

తుపాకులను అద్దెకు తెచ్చుకొని సైన్యమును కూర్చినవాడు రేమండ్. 1755లో ఫ్రాన్సు దేశపు గాస్కనీ సీమలో జన్మించి, 1775లో పుదుచ్చేరి చేరినాడు. నిజాం అలీఖాను కొలువున దళము నెలకొల్పిన తొలినాళ్లలో అతని భటులు 300 మంది. తుపాకి ఒక్కింటికి ఫ్రెంచి వర్తకునికి నెలకు ఎనిమిదణాల అద్దె.

పరుల ఆయుధముపై ఆధారపడరాదని తలచి, హైదరాబాదులో ఫిరంగులు పోతపోయు కర్మాగారమును నిర్మించినాడు. నేటి గన్‌ఫౌండ్రీ పేరు దానినుండి వచ్చినదే. దళము సుమారు 14,000కు పెరిగినది.

1798 మార్చి 25న రేమండ్ మరణించినాడు. సెప్టెంబరులో నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనగా, అక్టోబరులో ఆ దళము పోరాడకయే ఆయుధములు విడిచినది. ఫిరంగులు కాపాడలేని అతని పేరును ప్రజలే కాపాడినారు. హిందువులకు మూసారాం, ముస్లిములకు మూసా రహీం అయిన అతడు మూసారాంబాగు పేరులో నేటికిని నిలిచియున్నాడు.