సర్ రొనాల్డ్ రాస్: గణితంతో మలేరియాను ఎదుర్కొన్న వైద్యుడు

మలేరియా దోమకాటువలన సంక్రమిస్తుందని నేడు పసివారికి సైతం తెలుసు. ఆ సత్యానికి తొలి ఆధారం మన తెలుగుగడ్డపై, సికింద్రాబాదులో లభించిందని కొందరు ఎరుగుదురు. ఆ ఆధారాన్ని కనుగొన్న వైద్యుడే అంటువ్యాధుల వ్యాప్తిని గణిత సమీకరణాలలో బంధించిన ఆద్యులలో ఒకరని ఎరిగినవారు అరుదు. అందుచేత ఆ మహనీయుని జీవితాన్ని స్మరించుకొనడం విద్యార్థిలోకానికి ఉపయుక్తమని భావిస్తున్నాము.

రొనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. కుమారునికి కవిత్వంపైన, సంగీతంపైన మక్కువ ఉన్నా, తండ్రి అభీష్టానికి తలయొగ్గి లండనులో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించారు. ఉద్యోగ విరామాలలో గణితాన్ని స్వయంకృషితో అభ్యసించారు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియాకూ దోమలకూ సంబంధం ఉండవచ్చునన్న ఊహను ఆయన మనస్సులో నాటారు.

మరుసటి సంవత్సరం రాస్ సికింద్రాబాదుకు వచ్చి పరిశోధన ఆరంభించారు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి, కాటుకు ఒక అణా ప్రతిఫలంగా, దోమలకు తన దేహాన్ని అప్పగించారు. ఆయన రక్తం త్రాగిన ఒక అనాఫిలిస్ దోమను 1897 ఆగస్టు 20న కోసి చూడగా, దాని ఉదరకుడ్యంలో మలేరియా పరాన్నజీవి పెరుగుతూ కనిపించింది. 1898లో కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు చేసి, ఆ పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుద్వారా సంక్రమిస్తుందని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది.

అయితే కారణం తెలిసినంత మాత్రాన వ్యాధి తొలగిపోలేదు. దోమలు పెరిగే నీటి నిల్వలను తొలగించవలెనని రాస్ బోధించారు. దోమలన్నింటినీ నిర్మూలించడం అసాధ్యం కనుక ఆ శ్రమ వృథా అని పలువురు అధికారులు వాదించారు. లాహోరు సమీపాన మియాన్‌మీర్ సైనిక స్థావరంలో జరిపిన ప్రయత్నం ఆశించిన ఫలితం ఇవ్వకపోవడం వారి వాదానికి బలమిచ్చింది.

రాస్ ఆ వాదానికి గణితంతో సమాధానమిచ్చారు. మారిషస్ దీవిలో మలేరియాను పరిశీలించి 1908లో సమర్పించిన నివేదికలోను, 1911లో వెలువడిన తమ గ్రంథపు రెండవ కూర్పులోను ఆ లెక్కలను వివరించారు. ఒక రోగిని కుట్టే దోమలెన్ని, వాటిలో పరాన్నజీవి పక్వమయ్యేవరకు బ్రతికేవెన్ని, అవి తిరిగి కుట్టే మనుష్యులెందరు అన్నది లెక్కిస్తే, ఒక రోగివలన ఏర్పడే కొత్త రోగుల సంఖ్య తేలుతుంది. ఆ సంఖ్య ఒకటికి లోబడితే వ్యాధి క్రమంగా క్షీణిస్తుంది. కాబట్టి దోమలన్నీ చావనక్కరలేదు; వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువన ఉంచితే చాలును.

రాస్‌తో 1901లో సియర్రాలియోన్‌కు వెళ్ళిన మెక్‌కెండ్రిక్, కెర్మాక్‌తో కలసి 1927లో ఈ మార్గాన్ని ఇతర అంటువ్యాధులకూ విస్తరింపజేశారు. 2020లో కోవిడ్ ప్రబలినపుడు, ఒక రోగినుండి ఎందరికి వ్యాధి సోకుతున్నదని ప్రభుత్వాలు లెక్కించినది ఈ పరంపరలోని పద్ధతితోనే. రాస్ 1932 సెప్టెంబరు 16న లండనులో కీర్తిశేషులయ్యారు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప చేల నల్లరేగడిలో వాననీరు తొందరగా ఇంకదు. ఊరి చుట్టూ గుంటలన్నింటినీ పూడ్చలేమని నిరాశ చెందేవారికి రాస్ జీవితమే సమాధానం. పూడ్చిన ప్రతి గుంటా ఆ హద్దుకు మనలను ఒక అడుగు దగ్గర చేస్తుంది. వైద్యం చదివేవారు గణితాన్ని, గణితం చదివేవారు ప్రజల బాధలను విస్మరించరాదని మా విన్నపం. రాస్ పేరుతోపాటు, ఆ మహత్కార్యానికి తన రక్తాన్నిచ్చిన హుస్సేన్ ఖాన్ పేరుకూడా మన విద్యార్థుల స్మృతిలో నిలువవలెనని ఆకాంక్షిస్తున్నాము.