ఇగ్నాజ్ సెమ్మెల్వైస్

ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్వైస్ (జూలై 1, 1818 - ఆగష్టు 13, 1865) హంగేరీ దేశానికి చెందిన ప్రసూతి వైద్యుడు. పరీక్ష చేసే వైద్యుని చేతుల నుండే రోగికి వ్యాధి సంక్రమించగలదని గణాంకాలతో నిరూపించాడు.

బాల్యం, విద్య

ఈయన బుడా నగరంలో ఒక కిరాణా వర్తకుని కుటుంబంలో జన్మించాడు. 1837లో న్యాయశాస్త్రం చదువుటకై వియన్నా వెళ్ళి, మరుసటి సంవత్సరం వైద్యశాస్త్రానికి మారాడు. 1844లో పట్టభద్రుడయ్యాడు.

వియన్నా ఆసుపత్రిలో

1846లో వియన్నా జనరల్ ఆసుపత్రి మొదటి ప్రసూతి విభాగంలో, ఆచార్య యొహాన్ క్లైన్ వద్ద సహాయకునిగా చేరాడు. మొదటి విభాగంలో వైద్య విద్యార్థులు, రెండవ విభాగంలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. బాలింత జ్వరం వలన మొదటి విభాగంలో సుమారు 10 శాతం, రెండవదానిలో సుమారు 4 శాతం తల్లులు మరణించేవారు. అందువలన మొదటి విభాగంలో చేరుటకు గర్భిణులు భయపడేవారు.

1847 మార్చిలో ఈయన మిత్రుడు యాకొబ్ కొల్లెచ్కా, శవపరీక్షలో కత్తి గాటు తగిలి మరణించాడు. అతని దేహంలో బాలింత జ్వరం వంటి లక్షణాలే కనిపించాయి. శవపరీక్ష గది నుండి నేరుగా వచ్చే వైద్యుల చేతులే ఈ మరణాలకు కారణమని సెమ్మెల్వైస్ గ్రహించాడు. మే నెల నుండి క్లోరిన్ సున్నపు ద్రావణంతో చేతులు కడుగుకొనుట తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్ నాటికి సుమారు 2 శాతానికి తగ్గాయి.

అక్టోబరులో గర్భాశయ కాన్సరు రోగి ఒకరు చేరగా, ఆమెతోపాటు ప్రసవించిన 12 మందిలో 11 మంది మరణించారు. శవాల నుండే కాక, సజీవ రోగి నుండి కూడా వ్యాధి వ్యాపిస్తుందని దీనితో తేలింది. ప్రతి రోగికి నడుమ చేతులు కడుగుకొనే నియమం అప్పుడు ఏర్పడింది. తరువాత పరికరాలను కూడా శుభ్రపరచసాగారు.

వ్యతిరేకత, మరణం

తమ చేతులే మరణకారణమనే మాటను పలువురు వైద్యులు అంగీకరించలేదు. 1849లో ఈయన పదవీకాలాన్ని పొడిగించలేదు. 1850లో పెస్ట్ నగరానికి తిరిగివెళ్ళి, అక్కడి సెయింట్ రోకస్ ఆసుపత్రిలో మరణాలను ఒక శాతం కంటె తగ్గించాడు. 1865 జూలైలో ఈయనను వియన్నాలోని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. రెండు వారాలకే గాయం కుళ్ళి, రక్తం విషపూరితమై మరణించాడు. అంతకు ముందురోజే గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయానికి చికిత్స ప్రారంభించాడు.

నేటి ప్రాముఖ్యత

ఎక్స్-రే కనుగొనబడినది ఈయన మరణించిన 30 సంవత్సరాలకు, 1895లో. నేడు రోగి దేహాన్ని తాకేవి చేతులు మాత్రమే కావు. మంచం నుండి మంచానికి తిరిగే ఎక్స్-రే యంత్రం, దాని కాసెట్, అల్ట్రాసౌండ్ ప్రోబు, దానిపై పూసే జెల్ కూడా సూక్ష్మజీవులను మోయగలవు. దేహంలోనికి చొప్పించే ప్రోబుకు తొడుగు వేసినా అది చిరుగవచ్చును. కనుక ప్రతి రోగి తరువాత దానిని ఉన్నతస్థాయి క్రిమినాశనానికి గురిచేయాలి. ప్రసూతి విభాగంలో సెమ్మెల్వైస్ పెట్టిన నియమమే ఇప్పుడు యంత్రాలకూ వర్తిస్తున్నది.