సుంకం లేని రేవును నిలబెట్టిన ఫార్కర్

హైదరాబాద్‌లో విమానం దిగుతున్నామంటే మా ఇంట్లో గాజుల లెక్క మొదలవుతుంది. పాతవెన్ని, కొత్తవెన్ని, బిల్లులు ఏ బ్యాగులో పెట్టాం అని మా ఆవిడ రెండుసార్లు చూసుకుంటుంది. తిరిగి సింగపూర్ వచ్చాక ఆ కంగారు చాలావరకు ఉండదు. జీఎస్‌టీ సంగతి పక్కన పెడితే, ఇక్కడ కస్టమ్స్ సుంకం పడేది మద్యం, పొగాకు, మోటారు వాహనాలు, పెట్రోలియం ఉత్పత్తుల వంటి కొద్ది సరుకులకే. సరుకుల మీద సుంకం తీసుకోకపోతే మరి దేశం ఎలా నడుస్తుందని మా పెద్దవాడు ఈమధ్య అడిగాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నాకు వెంటనే జవాబు తట్టలేదు. పుస్తకాలు తిరగేస్తే, సరిగ్గా ఇదే ప్రశ్నతో 200 ఏళ్ల కిందట ఇక్కడ తల పట్టుకున్న ఒక మనిషి కనిపించాడు. ఆయన విలియం ఫార్కర్, బ్రిటిష్ సింగపూర్‌కు మొదటి రెసిడెంట్.

సింగపూర్ అనగానే మనకు రాఫెల్స్ పేరే గుర్తొస్తుంది. ఆయన పేరుతో హోటల్ ఉంది, ఎంఆర్‌టీ స్టేషన్ ఉంది, పెద్ద పేరున్న విద్యాసంస్థలు ఉన్నాయి. ఆయన జెండా ఎగరేసి వెళ్లిపోయాక దాదాపు నాలుగేళ్లు ఈ రేవును నడిపిన ఫార్కర్ గురించి మన తెలుగు కుటుంబాల్లో తెలిసినవాళ్లు తక్కువ.

మద్రాసులో మొదలైన కొలువు

ఫార్కర్ 1774 ఫిబ్రవరి 26న స్కాట్లండ్‌లోని అబర్డీన్ ప్రాంతంలో పుట్టారు. 17 ఏళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1791లో మద్రాస్ ఇంజనీర్స్ దళంలో చిన్న అధికారి అయ్యారు. మన కోస్తా జిల్లాలను, అంటే అప్పటి ఉత్తర సర్కారులను, కంపెనీ పాలించింది ఆ మద్రాసు నుంచే. నాలుగేళ్ల తర్వాత, 1795లో, డచ్చివారి చేతిలో ఉన్న మలక్కాను బ్రిటిష్ సేనలు పట్టుకున్నప్పుడు ఆయన ఆ దండులో ఇంజనీరుగా వెళ్లారు. అక్కడే స్థిరపడిపోయారు.

1803లో మలక్కా కమాండెంట్ అయ్యారు, తర్వాత రెసిడెంట్ హోదా కూడా వచ్చింది. మలయ్ భాష నేర్చుకున్నారు. ఫ్రెంచి తండ్రికి, మలయ్ తల్లికి పుట్టిన నోనియో క్లెమెంట్‌తో కాపురం పెట్టి ఆరుగురు పిల్లలకు తండ్రి అయ్యారు. కెనడా మాజీ ప్రధాని జస్టిన్ ట్రూడో తల్లి తరఫు వంశం ఈ పిల్లల్లో ఒక కూతురి దాకా వెళ్తుందని చరిత్రకారులు గుర్తించారు. ఊరివాళ్లు ఫార్కర్‌ను మలక్కా రాజా అని పిలిచేవారు. పై అధికారుల ఆదేశం మీద 1807లో మలక్కా కోటను మందుగుండు పెట్టి కూల్చిందీ ఆయనే. ఆ కోట రేపు డచ్చివారికి తిరిగి ఇవ్వాల్సి వస్తే వాళ్లకు ఉపయోగపడకూడదన్నది కంపెనీ ఆలోచన. చివరికి 1818లో మలక్కా డచ్చివారికి తిరిగి వెళ్లింది.

సుంకం ఎందుకు వద్దనుకున్నారు?

అప్పట్లో ఈ సముద్రాల మీద డచ్చివారిదే పెత్తనం. వాళ్ల రేవుల్లో సుంకాలు, అదనపు రుసుములు, సుగంధ ద్రవ్యాల మీద గుత్తాధిపత్యం ఉండేవి. ఇండియా నుంచి చైనా వెళ్లే ఓడలు మలక్కా జలసంధి గుండానే పోవాలి. 1786లో బ్రిటిష్‌వారు తెరిచిన పెనాంగ్ మొదట్లో సుంకం లేని రేవే. కానీ ఖర్చులు పెరిగాక అక్కడా సుంకాలు మొదలయ్యాయి. పైగా తూర్పు దీవుల వర్తకులకు అది దూరం.

అందుకే కొత్త రేవు కావాల్సి వచ్చింది. సెలవు మీద స్వదేశం వెళ్దామనుకుంటున్న ఫార్కర్‌ను రాఫెల్స్ తన వెంట తీసుకెళ్లారు. 1819 జనవరి చివర్లో వాళ్లు సింగపూర్ నది ఒడ్డున దిగారు. రియావులో తమ్ముణ్ని డచ్చివారు సుల్తానుగా గుర్తించగా, రాఫెల్స్ అన్నగారైన హుసేన్‌ను రప్పించి సుల్తానుగా ప్రకటించారు. ఫిబ్రవరి 6న ఒప్పందం కుదిరింది. సుల్తానుకు ఏడాదికి 5,000 స్పానిష్ డాలర్లు, ఇక్కడి తెమెంగ్గాంగ్ అబ్దుల్ రహమాన్‌కు 3,000. మర్నాడే రాఫెల్స్ ఓడెక్కారు. వెళ్తూ వెళ్తూ ఫార్కర్‌కు చెప్పిన వాటిలో ముఖ్యమైనది, ప్రస్తుతానికి వచ్చే ఓడల సరుకు మీద సుంకం తీసుకోవద్దని.

అడవి, ఎలుకలు, తిండి కరువు

చేతిలో కొద్దిమంది సిపాయిలు, చుట్టూ అడవి. డచ్చివారు ఏ క్షణాన దాడి చేస్తారో తెలియదు. పెనాంగ్ గవర్నరును సైన్యం పంపమంటే, రాఫెల్స్ చేసిన పనే నచ్చని ఆయన వెనక్కి వచ్చేయమన్నారు. ఫార్కర్ కదల్లేదు.

తిండి కోసం ఆయన మలక్కాకే కబురు పెట్టారు. పాతికేళ్లుగా తెలిసిన ఊరు, తెలిసిన మనుషులు. డచ్చివారు ఆపాలని చూసినా బియ్యం, కోళ్లు, కూరగాయలు పడవల్లో వచ్చాయి. వాటి వెంట మనుషులూ వచ్చారు. ఆయన మాట మీద నమ్మకం, ఇక్కడ దొరికే లాభం రెండూ వాళ్లను లాక్కొచ్చాయి. ఎలుకల బెడద ఎక్కువైతే చంపిన ఎలుకకు ఇంతని బహుమతి ప్రకటించారు. తర్వాత జెర్రులకూ అదే పద్ధతి. ఈ ముచ్చట్లన్నీ ఆ రోజులను చూసినవాళ్లలో ఒకరైన మున్షీ అబ్దుల్లా తన ఆత్మకథలో రాశారు.

1820లో రియావులో డచ్చివారితో తగాదా పడిన బూగిస్ నాయకుడు అరుంగ్ బిలావా సుమారు 500 మందితో సింగపూర్ వచ్చి చేరాడు. డచ్చివారు అప్పగించమన్నా ఫార్కర్ ఇవ్వలేదు, రోచోర్ నది దగ్గర చోటిచ్చారు. తూర్పు దీవుల వర్తకం బూగిస్‌వారి చేతుల్లో ఉండేది కాబట్టి వాళ్ల పడవలన్నీ ఇటు తిరిగాయి. 1821 ఫిబ్రవరిలో చైనాలోని అమోయ్ నుంచి మొదటి పెద్ద ఓడ వచ్చింది. తొలి రెండున్నరేళ్లలో రేవుకు వచ్చిపోయిన ఓడలు, పడవలు దాదాపు 2,900. వాటిలో 2,500 ఆసియా వర్తకులవే. 1824 జనాభా లెక్క నాటికి ఊళ్లో 10,683 మంది ఉన్నారు.

సుంకం లేకపోవడం వర్తకుడికి ఎలా కలిసొస్తుందో చూడండి. మిరియాలు, మైనం తెచ్చినవాడు ఇక్కడ అమ్ముకుని, ఇండియా బట్టలు కొనుక్కుని వెళ్తాడు. సరుకు దింపినందుకు పన్ను లేదు, ఎక్కించినందుకు పన్ను లేదు. ఏ జెండా ఓడైనా ఒకటే లెక్క. అమ్ముడు కాకపోతే నష్టం లేకుండా ఇంకో రేవుకు తీసుకెళ్లవచ్చు.

మరి ఖర్చు ఎవరు భరించారు?

చిక్కు ఇక్కడే వచ్చింది. పోలీసులకు జీతాలివ్వాలి, రోడ్లు వెయ్యాలి, అడవి కొట్టించాలి. కంపెనీ డబ్బు విదల్చదు, సుంకం తీసుకోకూడదు. ఫార్కర్ 1820లో నల్లమందు, సారా అమ్మకాలకు, జూదశాలలకు ఇజారా పద్ధతి పెట్టారు. వేలంపాటలో ఎక్కువ పాడినవాడికి హక్కు, వాడు నెలనెలా ప్రభుత్వానికి కట్టాలి. మన ఊళ్లలో ఒకప్పుడు జరిగిన సారా పాటలు గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ పాటల సొమ్ము ఖజానాకు చేరేది, దాని బరువు మాత్రం కూలివాళ్ల ఇళ్ల మీద పడేది. అందుకే 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. ఇక్కడా అంతే. ఓడల యజమాని ఏమీ కట్టలేదు. ఆయన మూటలు మోసిన కూలి, రాత్రి పీల్చిన నల్లమందు ధరలో ఆ పన్నంతా కట్టాడు.

జూదశాలలు వద్దని రాఫెల్స్ ముందే చెప్పారు. 1822 అక్టోబరులో తిరిగొచ్చి చూస్తే జూదం సాగుతోంది, బానిసల అమ్మకాలనూ ఫార్కర్ గట్టిగా అడ్డుకోలేదు, ప్రభుత్వ అవసరాలకు వదిలిపెట్టమన్న చోట వర్తకుల గోదాములు లేచాయి. ఎదుటి ఒడ్డు బురదనేల కావడంతో వర్తకులు అడిగితే ఫార్కర్ కాదనలేకపోయారు. రాఫెల్స్‌కు కోపం వచ్చింది. బానిసల విషయంలో ఆ కోపం న్యాయమైనదే. అయితే డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు ఆయన దగ్గరా మంచి జవాబు లేదు. 1823లో జూదాన్ని నిషేధించారు గానీ నల్లమందు, సారా లైసెన్సులను ఉంచేశారు. ఆయన వెళ్లిపోగానే కొత్త రెసిడెంట్ క్రాఫర్డ్ జూదశాలలను మళ్లీ తెరిపించారు. అవి 1829లో గానీ పోలేదు.

వీడ్కోలు

1823 మార్చి 11న సయ్యద్ యాసిన్ అనే వ్యక్తి ఫార్కర్‌ను కత్తితో పొడిచాడు. ప్రాణం దక్కింది. మే 1న రాఫెల్స్ ఆయన్ని పదవి నుంచి తప్పించారు. ఆ డిసెంబరులో ఆయన ఓడెక్కే రోజున అన్ని జాతులవాళ్లూ ఒడ్డుకు వచ్చి సాగనంపారు, పడవల మీద ఓడ దాకా వెళ్లారు. చైనా వర్తకులు ఇచ్చిన వెండి అలంకార పాత్ర ఇప్పుడు సింగపూర్ నేషనల్ మ్యూజియం సేకరణలో ఉంది. మలక్కాలో ఉండగా ఆయన చైనా చిత్రకారులతో వేయించిన 477 మొక్కల, జంతువుల బొమ్మలు కూడా అక్కడికే చేరాయి.

ఇంగ్లండ్ వెళ్లాక తనకు జరిగింది అన్యాయమని, సింగపూర్ స్థాపనలో తన వాటా గుర్తించమని కంపెనీ డైరెక్టర్లకు అర్జీ పెట్టుకున్నారు. వాళ్లు ఒప్పుకోలేదు. 1839 మే 11న స్కాట్లండ్‌లోని పెర్త్‌లో కన్నుమూశారు. సింగపూర్‌ను స్థాపించింది ఆయనేనని అక్కడి సమాధి మీద చెక్కించారు.

ఆయన వదిలి వెళ్లిన లెక్క

సుంకం లేని రేవు నిలబడింది. నల్లమందు ఇజారా కూడా నిలబడింది. 19వ శతాబ్దంలో చాలాకాలం సింగపూర్ ప్రభుత్వ ఆదాయంలో సగానికి దగ్గరగా దాని నుంచే వచ్చేది. ఇక్కడ ఆదాయపు పన్ను మొదలైంది 1948లో. స్వయంపాలన వచ్చాక రేవు వర్తకం ఒక్కటే ఉద్యోగాలివ్వదని గ్రహించి, 1959లో కొత్త పరిశ్రమలకు పన్ను మినహాయింపులిచ్చారు. 1967 చట్టంతో ఎగుమతి లాభాల మీద కంపెనీ పన్ను 40 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. 1969లో కంచె వేసిన స్వేచ్ఛా వాణిజ్య మండలాలు వచ్చాయి. రాయితీతో పాటు రోడ్లు, కరెంటు, చదువుకున్న కార్మికులు, మాట తప్పని ప్రభుత్వం ఉండబట్టి కంపెనీలు నిలిచాయి.

మన దగ్గరా ఈ దారి కొత్తది కాదు. విశాఖ దువ్వాడలో 1989లో ఎగుమతుల మండలం పెట్టారు. తడ దగ్గరి శ్రీసిటీలో సెజ్‌తో పాటు స్వేచ్ఛా వాణిజ్య గోదాముల మండలం కూడా ఉంది. మరోవైపు కాకినాడ సెజ్ భూముల కోసం రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. పెట్టుబడి రావాలి, మన పిల్లలకు అక్కడే ఉద్యోగాలు రావాలి, కాదనేవాళ్లెవరు? కానీ రాయితీ ప్రకటించిన ప్రతిసారీ, వదులుకున్న ఆ సొమ్మును ఎవరి దగ్గర రాబడతారు, ఎవరి పొలం తీసుకుంటారు అని అడిగే హక్కు, బాధ్యత మనకున్నాయి. బయట దేశాల్లో ఉన్న మనకు మరీను, ఎందుకంటే ఇలాంటి రాయితీల వల్ల బాగుపడ్డ ఊళ్లలోనే మనం బతుకుతున్నాం.

మా అబ్బాయికి అదే చెప్పాను. రేవు దగ్గర పన్ను లేదంటే అసలు పన్నే లేదని కాదు, ఇంకో చోట ఎవరో కడుతున్నారని. పిల్లలతో ఫోర్ట్ కానింగ్ కొండ మీదికి వెళ్తే, అక్కడ ఫార్కర్ పేరుతో చిన్న తోట ఉంది. రాఫెల్స్ తోట కూడా ఆ కొండమీదే ఉంది. రెండూ చూపించండి.