టెన్జింగ్ నడిచిన మార్చి నెల దారి

జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో టెన్జింగ్ నార్గే అంటే ఒకటే లైను: 1953 మే 29న హిల్లరీతో కలిసి ఎవరెస్టు ఎక్కినవాడు. పోటీ పరీక్షలకి అది చాలు. మన హాస్టల్ వాళ్ళం తెలుసుకోవలసిందంతా ఆ లైనుకి ముందే ఉందనిపించి మేము ఇది రాస్తున్నాం.

ఆయన 1914లో జడలబర్రెలు మేపుకునే షెర్పా ఇంట్లో పుట్టారు. పదమూడుమంది పిల్లల్లో పదకొండోవాడు. వాళ్ళలో చాలామంది చిన్నతనంలోనే పోయారు. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు, అందుకే తర్వాత మే 29నే పుట్టినరోజు చేసుకున్నారు. చదవడం, రాయడం రాదు. అయినా చాలా భాషలు మాట్లాడేవారు. చిన్నవయసులోనే డార్జిలింగ్ చేరి కూలిపనులు చేశారు. 1935లో ఎరిక్ షిప్టన్ బృందంలో మూటలు మోసే పని దొరికింది. అప్పటినుంచి 1952 దాకా ఆరుసార్లు ఎవరెస్టు వైపు వెళ్ళారు. 1952 మేలో స్విట్జర్లాండ్‌కు చెందిన లాంబెర్ట్‌తో కలిసి వెళ్ళి, ఇంకా సుమారు 250 మీటర్లు ఉందనగా వెనక్కి తిరిగారు. ఆ ఏడాది శరదృతువులో మళ్ళీ వెళ్ళి జబ్బుపడి, పాట్నా ఆసుపత్రిలో చేరారు. కోలుకోగానే డార్జిలింగ్‌లో తెల్లవారుజామున సంచినిండా రాళ్ళు వేసుకుని కొండలెక్కడం మొదలుపెట్టారు. ఏడోసారి కోసం!

1953 మార్చిలో బ్రిటిష్ బృందం ఖాట్మండు చేరింది. టెన్జింగ్ షెర్పాలకు సర్దార్, అంటే మేస్త్రీ. రాయబార కార్యాలయంలో ఆయనకు గది ఇస్తామన్నారు. మిగతా షెర్పాలను మాత్రం ఒకప్పుడు గుర్రాలసాలగా ఉన్న గ్యారేజీలో నేలమీద పడుకోమన్నారు. మరుగుదొడ్డి లేదు. తెల్లారి షెర్పాలు కార్యాలయం ముందే మూత్రం పోసి నిరసన తెలిపారు. దొరలకు కోపం వచ్చింది. ఇరుపక్షాల మధ్య నలిగింది టెన్జింగే. బాత్‌రూముల కోసం వార్డెన్ గది ముందు నిలబడిన మనకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

మార్చి 10న నడక మొదలైంది. అప్పటికి అటు రోడ్డు లేదు. సుమారు 350 మంది కూలీలు, ఒక్కొక్కరి మీద 27 కిలోల బరువు, నుదుటికి పట్టీ. పదిహేడు రోజులు కొండ ఎక్కడం, లోయలోకి దిగడం, మళ్ళీ ఎక్కడం. కింది వాలుల్లో రోడోడెండ్రాన్ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి, పైన ఇంకా చలికాలమే. మార్చి నెలాఖరుకి తెంగ్‌బోచే బౌద్ధారామం చేరారు. ఏప్రిల్‌లో అక్కడినుంచి పైకి వెళ్తుంటే కొత్త మంచు కురిసింది. వసంతం తొలినాళ్ళ మంచు పొద్దున గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే మెత్తబడి కాలు మోకాలిదాకా దిగిపోతుంది. ఎండ దానిమీద పడి తిరిగి కళ్ళలో కొడుతుంది. కళ్ళద్దాలు చాలక కూలీల కళ్ళు దెబ్బతిన్నాయి.

ఇంత ముందుగా బయలుదేరడం దేనికంటే, మే చివర్లో శిఖరం మీద పెనుగాలులు తగ్గుతాయి, జూన్‌లో రుతుపవనాలు వచ్చేస్తాయి. ఆ మధ్య కొద్దిరోజులే అవకాశం. ఆ రోజులు వచ్చేసరికి శరీరం పలుచని గాలికి అలవాటుపడి ఉండాలి.

ఏప్రిల్‌లో హిల్లరీ మంచుపగుల్లోకి జారితే తాడు బిగించి ఆపింది టెన్జింగే. మే 29 ఉదయం 11.30కి ఇద్దరూ శిఖరం మీదున్నారు. ఆయన గొడ్డలికి కట్టిన జెండాల్లో మన జెండా కూడా ఉంది.

దిగివచ్చాక అందరూ అడిగింది, ముందు కాలుపెట్టింది ఎవరని. ఖాట్మండు జనం టెన్జింగ్ పేరే వినాలనుకున్నారు. ఆయన 1955లో చెప్పి రాయించిన ఆత్మకథలో హిల్లరీయే ఒక అడుగు ముందున్నాడని ఒప్పేసుకున్నారు. బ్రిటన్ హంట్‌కి, హిల్లరీకి సర్ బిరుదులిచ్చి, ఈయనకు జార్జ్ మెడల్ ఇచ్చింది. ఈ లెక్క మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1954లో డార్జిలింగ్‌లో పర్వతారోహణ సంస్థ పెట్టినప్పుడు క్షేత్రశిక్షణకు ఆయనే తొలి డైరెక్టర్. 1986 మే 9న అదే ఊళ్ళో కన్నుమూశారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కూడా అంతకుముందు డార్జిలింగ్ వెళ్ళే మంచు మీద నడక నేర్చుకున్నారు.