వేలూరు డాక్టరమ్మ

మా వైపు జబ్బు ముదిరితే ఇప్పటికీ రాయవేలూరు తీసుకెళ్దాం అనే అంటారు. అంత పెద్ద ఆసుపత్రిని ఒక ఆడమనిషి ఒక్క మంచంతో మొదలుపెట్టిందని నాకు చాలా కాలం తెలియదు. ఆవిడ డాక్టరు ఎందుకయిందో చదివినప్పుడు మాత్రం మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. ఒంట్లో బాధను మగ డాక్టరుకు చెప్పుకోలేక, నాలుగు రోజులు ఓర్చుకుని, చివరికి తాతయ్యతో చెప్పించేది. ఆయన సగమే చెప్పేవారు.

ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో, అమెరికన్ మిషనరీ డాక్టర్ల కుటుంబంలో పుట్టింది. చదువు అమెరికాలో. తాత, తండ్రి చేసిన పని తనకొద్దనే అనుకుంది. తల్లికి జబ్బు చేస్తే చూసుకుని వెళ్లిపోదామని తిండివనం వచ్చింది, అంతే. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో పెద్ద కులం హిందువు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పులతో ఉన్నారు. మా నాన్న డాక్టరు, పంపిస్తానంది ఐడా. పరాయి మగవాడు మా ఆడవాళ్లను ముట్టుకోకూడదని ముగ్గురూ వెనక్కి వెళ్లిపోయారు. వైద్యం తెలియని ఐడా ఏమీ చేయలేకపోయింది. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు.

ఇలాంటప్పుడు మనం ఏమనుకుంటాం? వీళ్లింతే, మూఢులు అని ఓ మాట అనేసి ఊరుకుంటాం. ఐడాకు ఆ ఆచారం మంచిదనిపించలేదు. అది ముగ్గుర్ని చంపింది మరి. కానీ ఆచారం మారేదాకా పురుడు ఆగదు కదా! ఆ ఇళ్లలోకి వెళ్లగలిగే డాక్టరు లేకపోవడమే అసలు లోటని ఆమెకు తోచింది. వెళ్లి మెడిసిన్ చదివింది. 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా తీసుకుని, 1900లో వేలూరు వచ్చి, తండ్రి ఇంట్లోనే చిన్న గదిలో రోగులను చూడసాగింది. రెండేళ్లలో 5 వేల మందికి వైద్యం చేసిందంటారు. 1902లో 40 పడకలతో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచింది.

ఆసుపత్రి కట్టేసి, రోగులే రావాలని కూర్చోలేదు. ఆసుపత్రి గడప తొక్కలేనివాళ్ల దగ్గరికి తానే వెళ్లేది. 1909లో చిన్న ప్యూజో కారు వచ్చింది. గుడియాత్తం దారిలో చెట్ల కింద ఆగి మందులిచ్చేవారు. మొదట్లో కారును చూసి జనం దయ్యమని పరుగెత్తేవారట! కుష్ఠు ఉన్నవాళ్లను ఊళ్లే వెలివేసిన రోజుల్లో వాళ్లకూ ఆ చెట్ల కిందే కట్లు కట్టేవారు.

తానొక్కతే ఎంతమందిని చూడగలదు? అందుకే 1909లో నర్సుల బడి, 1918లో అమ్మాయిలకు వైద్య పాఠశాల పెట్టింది. ఆడపిల్లలు మెడిసిన్ ఏం చదువుతారని పెదవి విరిచినవాళ్లున్నారు. 1922లో చివరి పరీక్ష రాసిన మొదటి బ్యాచ్‌లోని 14 మందీ పాసయ్యారు. ఆ ప్రాంతపు భాష, ఇళ్లు, మొహమాటాలు తెలిసిన డాక్టరమ్మలు అలా తయారయ్యారు. ఆ కళాశాలలో మగపిల్లలకు ప్రవేశం 1947లోనే దొరికింది. తర్వాత ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరయింది కూడా మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. ఐడా 1960లో, 89 ఏళ్ల వయసులో కొడైకెనాల్‌లో కన్నుమూసింది.

ఇప్పుడు లేడీ డాక్టర్లకు కొదవలేదు. అయినా పురిటి గదిలో నొప్పులు పడుతున్న మనిషిని కసురుకోవడం, కట్టుకున్న చీర చూసి, కులం చూసి మాట మార్చడం పూర్తిగా పోలేదు. ఒకసారి మాట పడ్డ మనిషి రెండోసారి ఆసుపత్రికి రాదు, ఇంట్లోనే ఓర్చుకుంటుంది. తలుపు తెరిచి ఉంటే చాలదు, లోపలికి రావడానికి భయం, సిగ్గు లేకుండా ఉండాలి.

మా అమ్మమ్మకు అలాంటి డాక్టరమ్మ ఒకరు దొరికి ఉంటే, తన బాధ మొత్తం తన నోటితోనే చెప్పుకునేది.